చెల్లెలి వయసు

అట్టలన్నిటి మీదా రంగు చుక్కలు అంటించమని
కాస్త్రో ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
మూడేళ్ళ లోపుకి పసుపు, ఆరు దాకా ఆకుపచ్చ,
తొమ్మిదికి నీలం, ఆ పైన ఎరుపు.
అంటించాను. జీతం తీసుకుంటున్నాను కదా.

కానీ చిలోయె దీవుల మధ్య
పడవ నిండా పుస్తకాలేసుకుని
పదహారేళ్ళుగా తడుస్తున్నదాన్ని,
నా లెక్కలు వేరు.

పళ్ళొచ్చే పిల్లకి కావలసింది
కొరికినా చిరగని అట్ట.
కథ అక్కర్లేదు, ఒక కోడి చాలు.
తర్వాతి పేజీలో మళ్ళీ అదే కోడి ఉంటే మరీ మంచిది.

నాలుగేళ్ళ ఫ్రెసియాకి చదివిందే చదవాలి.
ఒక్క మాట మింగినా వేలు పెట్టి పట్టేస్తుంది.
చేపల షెడ్డులో రోజంతా నిలబడి వచ్చిన వాళ్ళ నాన్న
రెండు పేజీలు కలిపి తిప్పబోయి దొరికిపోయాడట.
ఆయనకి నా సలహా ఒక్కటే:
పొట్టి పుస్తకం పట్టుకెళ్ళు, పూర్తిగా చదువు.

ఎనిమిదేళ్ళ వాళ్ళకి నిజాలు కావాలి.
తిమింగలం గుండె ఎంత బరువు? దాని పేడ ఏ రంగు?
రంగు చెప్పిన పుస్తకం కోసం
రేవు మెట్ల మీద ఇద్దరు కొట్టుకున్నారు,
పుస్తకం నీళ్ళలో పడింది,
పడవ నడిపే ఒనోఫ్రె తెడ్డుతో తీశాడు.
ఉబ్బిపోయింది, తెరిస్తే ఉప్పు కొడుతుంది.
ఇప్పుడు అందరికీ అదే కావాలి.

పదమూడేళ్ళ వాళ్ళకి ఏదీ చేతికివ్వకూడదు.
బల్ల మీద బోర్లించి
వాన చూస్తున్నట్టు అటు తిరిగిపోవాలి.

అపియావ్ దీవిలో పదకొండేళ్ళ ఎలియసార్
మే నెలలో వచ్చాడు, స్వెటర్ చేతులు వేళ్ళ మీదికి లాక్కుంటూ.
"మా చెల్లికి" అన్నాడు, పసుపు చుక్క చూపించి.
"ఎన్నేళ్ళు?"
"రెండు."
రాసుకున్నాను.
ఆ ఇంట్లో వాడూ, వాళ్ళ అమ్మమ్మా, తొమ్మిది గొర్రెలూ తప్ప
ఇంకెవరూ లేరని
మా పడవ అంచున వాలే నీటికాకికి కూడా తెలుసు.
ఒనోఫ్రె నోరు తెరవబోయాడు. కాలు తొక్కాను.

రెండు వారాలకి తెచ్చిచ్చాడు.
"బాతు పేజీ బాగా నచ్చింది.
చెల్లికి."
అయితే కాస్త ఎదిగినట్టుంది అని
పేజీకి మూడు మాటలున్నది వెతికి పెట్టాను.

జూన్ అంటే మాకు నడిచలికాలం.
పొయ్యి పక్కన కుక్క కూడా ఎదగని ఆ రోజుల్లో
లేని పిల్ల ఎదిగింది.
జూన్‌లో మూడేళ్ళు.
గాలివానకి పడవ కదలని మూడు వారాలు గడిచేసరికి ఐదు.
ఆగస్టులో ఒకరోజు
"చెల్లి ఇక్కడ ఆగిపోయింది" అని
ఒక పొడుగాటి మాట మీద వేలు పెట్టాడు.
గోటి కింద మట్టి.
ఇద్దరం కలిసి ఆ మాటని ముక్కలు చేసి
గట్టిగా చదివాం,
ఆ పిల్ల ఎక్కడుంటే అక్కడికి వినపడేలా.

చుక్కలు పీకడం మొదలుపెట్టింది అప్పుడే.
గోరుతో గీకితే జిగురు వదలదు,
కిరసనాయిలు గుడ్డతో తుడవాలి.
తేమకి ఊడిపోయాయని ఆఫీసుకి రాశాను.
మా వాన మీద ఎంత నేరం మోపినా
ఎవరూ కాదనరు.

బంగాళదుంప చేలు పూసిన డిసెంబరులో వచ్చాడు.
"చెల్లికేం కావాలి?" రిజిస్టరు తెరిచాను.
కాసేపు నీళ్ళ వైపు చూశాడు.
"దాని సంగతి అది చూసుకుంటుందిలెండి.
నాకేమైనా ఇవ్వండి."

ఓడ మునిగిపోయే కథ ఒకటుంది, లావుపాటిది.
పడవలో అలాంటివి పెట్టకూడదని
ఒనోఫ్రె ఏళ్ళుగా సణుగుతున్నాడు.
దాన్ని ఇచ్చేశాను.
రేవు దిగకుండానే, మెట్టు మీదే, తెరిచాడు.
చినుకులు పడుతున్నా ఏమీ అనలేదు నేను.

రిజిస్టరులో చెల్లెలి పేజీ అలాగే ఉంచాను.
పేరున్న చోట ఖాళీ.
బాకీలేవీ లేవు.